డెన్నిస్ రిచీని మొదటి క్లాసు దాటి రానివ్వండి: సి బోధించే అధ్యాపకులకు బహిరంగ లేఖ

సి లాంగ్వేజ్ బోధించే అధ్యాపకులకు, ఆ కోర్సు సిలబస్ ఖరారు చేసే పెద్దలకు,

నమస్కారం.

మొదటి క్లాసులో మీరు సి అనే ప్రోగ్రామింగ్ భాషని తయారుచేసిన డెన్నిస్ రిచీ పేరు చెబుతారు. బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాల, 1972, యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, ఈ మాటల పక్కన ఆ పేరు బోర్డు మీదికి ఎక్కుతుంది. పిల్లలు నోట్సులో రాసుకుంటారు. ఆ తర్వాత డేటా టైపులు వస్తాయి, లూపులు వస్తాయి, అర్రేలు, పాయింటర్లు, స్ట్రక్చర్లు, ఫైళ్లు అన్నీ వస్తాయి. ఆ పేరు మాత్రం మళ్లీ వినిపించదు. ఏళ్ల తరబడి సి లో కోడ్ రాస్తూ బతుకుతున్న నాకు ఇది పెద్ద లోటుగా కనిపిస్తోంది. అందుకే ఈ లేఖ.

సి లో వింతగా అనిపించే ప్రతి నియమం వెనకా ఒక నిర్ణయం ఉంది. ఆ నిర్ణయం వెనక అప్పటికప్పుడు తీర్చుకోవాల్సిన ఒక ఇబ్బంది ఉంది. ఆ ఇబ్బందులేమిటో, తాను ఏం చేశారో, అందులో ఏది బాగా కుదిరిందో ఏది కుదరలేదో రిచీ స్వయంగా రాసిపెట్టారు. ప్రోగ్రామింగ్ భాషల చరిత్ర మీద 1993లో జరిగిన సదస్సు కోసం ఆయన రాసిన పేపర్ సి పుట్టుక గురించే. ఎవరైనా చదివి అర్థం చేసుకోగలిగేంత తేటగా ఉంటుంది. ఇంత వాడుకలో ఉన్న ఒక భాషకి దాన్ని తయారుచేసిన మనిషే ఇంత నిజాయితీగా చరిత్ర రాసివ్వడం అరుదు. దాన్ని పక్కన పెట్టి నియమాలను మాత్రం బట్టీ పట్టిస్తున్నాం. నా విన్నపం ఒక్కటే: ఆయన జీవితాన్ని, ఆయన తీసుకున్న నిర్ణయాలను పాఠంలోనే కలిపి చెప్పండి.

రిచీ 1941 సెప్టెంబర్ 9న న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్‌లో పుట్టారు. పెరిగింది న్యూజెర్సీలోని సమ్మిట్‌లో. తండ్రి ఆలిస్టేర్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో శాస్త్రవేత్త, స్విచింగ్ సర్క్యూట్ల మీద వచ్చిన ఒక పేరున్న పాఠ్యపుస్తకానికి సహరచయిత. కొడుకు హార్వర్డ్‌లో ఫిజిక్స్ చదివి, అక్కడే అప్లైడ్ మ్యాథమెటిక్స్‌లో పరిశోధనకు చేరారు. తన గురించి రాసుకున్న చిన్న పరిచయంలో ఆయన ఒక మాట చెప్పుకున్నారు. ఫిజిక్స్ చేసేంత తెలివి తనకు లేదని డిగ్రీ చదువులో తేలిందట, అల్గారిథమ్స్ సిద్ధాంతంలో నిపుణుడయ్యేంత తెలివి లేదని పరిశోధనలో తేలిందట. క్లాసులో వెనక బెంచీలో కూర్చుని, ఈ సబ్జెక్టు నా వల్ల కాదేమో అనుకునే పిల్లకో పిల్లాడికో ఈ మాట చేరాలి.

ఆ పరిశోధన మాత్రం తక్కువదేమీ కాదు. ఆల్బర్ట్ మేయర్‌తో కలిసి 1967లో ఆయన ప్రచురించిన పేపర్ లూప్ ప్రోగ్రాముల గురించి. వాటిలో వేరియబుల్‌ని సున్నా చేయడం, ఒకటి కలపడం, ఒకదాని విలువ ఇంకోదానికి ఇవ్వడం, ముందే తేలిన లెక్క ప్రకారం లూప్ తిరగడం మాత్రమే ఉంటాయి. లూప్ మొదలయ్యాక ఎన్నిసార్లు తిరగాలో మార్చడానికి వీల్లేదు కాబట్టి అలాంటి ప్రోగ్రామ్ ఎప్పుడూ ఆగకుండా పోదు. లూప్‌లో లూప్, అందులో మరో లూప్ పెడుతూ పోతే లెక్క ఎంత వేగంగా పెరుగుతుందన్నదే అక్కడి ప్రశ్న. మీరు నెస్టెడ్ లూపులు చెప్పే రోజున ఒక్క పది నిమిషాలు దీనికి ఇస్తే, నక్షత్రాలతో పిరమిడ్ గీయించే ఎక్సర్‌సైజ్ కంటే పిల్లలకు ఎక్కువ గుర్తుంటుంది. ఈ భాష తయారుచేసిన మనిషి లూపుల గురించి ముందు గణితంగా ఆలోచించారని తెలుస్తుంది.

థీసిస్ 1968 నాటికి పూర్తయింది. కానీ బైండ్ చేసిన కాపీని లైబ్రరీకి ఇవ్వకపోవడంతో ఆయనకు పీహెచ్‌డీ పట్టా రాలేదు. దాని కోసం ఆయన మళ్లీ వెనక్కి వెళ్లిందీ లేదు. ఎన్నో ఏళ్లు కనిపించకుండా పోయిన ఆ థీసిస్ ప్రతి ఆయన చనిపోయాక బయటపడి, ఇప్పుడు కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. అప్పటికే, అంటే 1967లోనే, ఆయన న్యూజెర్సీలోని మరీ హిల్‌లో బెల్ ల్యాబ్స్‌లో చేరిపోయారు.

అక్కడ జరిగిన కథ మీకు తెలిసిందే కాబట్టి తొందరగా దాటేస్తాను. ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్ కలిసి మల్టిక్స్ అనే భారీ ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టాయి. 1969లో బెల్ ల్యాబ్స్ అందులోంచి తప్పుకుంది. రిచీ సహోద్యోగి కెన్ థాంప్సన్ ఒక పాత పీడీపీ-7 మెషిన్ మీద, ఆ వేసవిలోనే, తర్వాత యూనిక్స్‌గా పేరుపడ్డ సిస్టమ్‌కి తొలి రూపం ఇచ్చారు. రిచీ మొదటినుంచీ ఆ పనిలో ఉన్నారు. మల్టిక్స్ పోయాక తాము వెతుక్కున్నదేమిటో ఆయన తర్వాత ఒక వ్యాసంలో చెప్పారు. ప్రోగ్రాములు రాసుకోవడానికి మంచి చోటు కావాలన్నది సరే, దాని చుట్టూ నలుగురు చేరి కలిసి పనిచేసే స్నేహం పుట్టాలన్నది కూడా వాళ్ల కోరిక. కంప్యూటర్ ల్యాబ్‌లో ఒక్కొక్కరినీ ఒక్కో స్క్రీన్ ముందు కూర్చోబెట్టి, పక్కవాడితో మాట్లాడొద్దని చెప్పే చోట ఈ వాక్యం చదివి వినిపిస్తే బాగుంటుంది.

తర్వాత వచ్చిన పీడీపీ-11 మెషిన్‌ని పేటెంట్ డిపార్ట్‌మెంట్ వాళ్లకి దరఖాస్తులు టైప్ చేసుకోవడానికి పనికొచ్చే సిస్టమ్ చేసి ఇస్తామని చెప్పి సంపాదించారు. దాని మెమరీ 24 కిలోబైట్లు. అందులో 16 సిస్టమ్‌కి, 8 యూజర్ల ప్రోగ్రాములకి. డిస్క్ 512 కిలోబైట్లు. ఈ అంకెలు బోర్డు మీద రాసి కాసేపు ఉంచండి. సి ఎందుకింత పొదుపుగా, కొన్నిచోట్ల ఎందుకింత మొండిగా ఉంటుందో చాలావరకు ఈ అంకెలే చెబుతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అర్రే (ఒకే రకం విలువల వరస) పేరు పాయింటర్‌లా (మెమరీలో ఒక చోటు అడ్రస్ పట్టుకునే వేరియబుల్‌లా) ప్రవర్తిస్తుందని మనం చెబుతాం. ఎందుకు అని పిల్లలు అడిగితే, భాష నియమం అంతే అంటాం. నాకూ అలాగే చెప్పారు. ఆ ‘ఎందుకు’కి రిచీ ఇచ్చిన జవాబు ఈ భాష మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ. దాన్ని కాస్త వివరంగా చెప్పనివ్వండి.

సి కి ముందు బి అనే భాష ఉంది. అది థాంప్సన్ చేసింది. దానికి మూలం మార్టిన్ రిచర్డ్స్ చేసిన బీసీపీఎల్ అనే భాష. ఈ రెండు భాషల్లోనూ టైపులు లేవు. మెమరీ అంటే ఒకే సైజు గళ్ల వరస, ప్రతి గడీ ఒక మెషిన్ వర్డ్, అంటే మెషిన్ ఒక్కసారిగా పట్టుకునే బిట్ల గుంపు. అందులో అంకె ఉందా, అక్షరం ఉందా, ఇంకో గడి అడ్రస్ ఉందా అన్నది భాషకి పట్టదు, వాడేవాడికే తెలియాలి. పీడీపీ-7 మీద ఇది బాగానే నడిచింది. పీడీపీ-11 వచ్చేసరికి మూడు ఇబ్బందులు ఒకేసారి ఎదురయ్యాయి. ఆ మెషిన్ అడ్రసులు వర్డుకి ఒకటి చొప్పున కాకుండా బైటుకి ఒకటి చొప్పున ఉంటాయి. బి లో పాయింటర్ అంటే వర్డు నంబర్ కాబట్టి, వాడిన ప్రతిసారీ దాన్ని బైటు అడ్రస్‌గా మార్చాలి. ఒక్కో అక్షరాన్ని పట్టుకోవాలంటే వర్డులోంచి విడదీయాలి, మళ్లీ అందులో కూర్చాలి. ఇక దశాంశ లెక్కల విలువ 16 బిట్ల గడిలో పట్టదు. ఈ ఇబ్బందులు తీరాలంటే టైపులు కావాలి. 1971లో రిచీ బి కి అక్షరం టైపు చేర్చి, కంపైలర్‌ని తిరగరాసి, కొన్నాళ్లు దాన్ని ఎన్‌బీ, అంటే కొత్త బి, అని పిలిచారు.

ఆ దశలో అర్రే ఎలా ఉండేదో చూడండి. పది గళ్ల అర్రే ప్రకటిస్తే పది గళ్లు కేటాయించడంతో పాటు పదకొండో గడి ఒకటి విడిగా పుట్టేది. అర్రే పేరు ఆ పదకొండో గడిదే. అందులో మిగతా పది ఎక్కడ మొదలవుతాయో ఆ అడ్రస్ ఉండేది. బీసీపీఎల్ నుంచి వచ్చిన అలవాటు ఇది.

ఇంతలో రిచీకి స్ట్రక్చర్లు, అంటే వేర్వేరు రకాల విలువల్ని ఒకే మూటగా కట్టే ఏర్పాటు, కావాల్సి వచ్చాయి. ఆయన చెప్పిన ఉదాహరణ యూనిక్స్ డైరెక్టరీ ఎంట్రీ, అంటే ఫోల్డర్‌లో ఒక్కో ఫైల్‌కి ఉండే నమోదు. అప్పట్లో ఒక్కో ఎంట్రీ డిస్క్ మీద 16 బైట్లు. మొదటి 2 బైట్లలో ఫైల్ నంబర్, మిగతా 14 బైట్లలో ఫైల్ పేరు. దాన్ని ఒక పూర్ణాంకం, దాని వెంటే 14 అక్షరాల అర్రే ఉన్న స్ట్రక్చర్‌గా రాయాలి. మెమరీలో ఆ స్ట్రక్చర్ డిస్క్ మీద ఉన్న 16 బైట్లతో అచ్చంగా సరిపోవాలి. మరి అర్రే పేరుకి విడిగా ఉండాల్సిన ఆ పాయింటర్ గడిని ఎక్కడ పెట్టాలి? డిస్క్ మీద ఉన్న పదహారు బైట్లలో దానికి చోటు లేదు. పోనీ ఎక్కడో దాచిపెట్టారే అనుకుందాం. స్ట్రక్చర్‌లో స్ట్రక్చర్, అందులో అర్రే, అలాంటివి కొన్ని మెమరీలోకి వచ్చిన ప్రతిసారీ ఆ లోపలి పాయింటర్లన్నిటినీ ఎవరు నింపాలి?

రిచీ ఆ గడినే తీసేశారు. పాయింటర్ ఎక్కడా నిలవ ఉండదు. ఎక్స్‌ప్రెషన్‌లో అర్రే పేరు వచ్చినప్పుడు, అప్పటికప్పుడు, మొదటి గడి అడ్రస్ తయారవుతుంది. అంతే. ఈ ఒక్క నిర్ణయంతో డైరెక్టరీ ఎంట్రీ 16 బైట్లలో ఒదిగింది, బి లో అప్పటికే రాసుకున్న కోడ్‌లో ఎక్కువ భాగం మార్చాల్సిన పని లేకుండా నడిచింది. టైపుల్లేని బీసీపీఎల్‌కీ టైపులున్న సి కీ మధ్య కీలకమైన అడుగు ఇదేనని ఆయనే రాశారు.

ఇది తెలిశాక చాలా ముడులు విడిపోతాయి. ఫంక్షన్‌కి అర్రే పంపితే లోపల, ఎన్ని బైట్లో చెప్పే సైజ్‌ఆఫ్ వేసి చూసిన పిల్లలు పాయింటర్ సైజు వస్తోందేమిటని కంగారు పడతారు. అక్కడికి వచ్చింది అర్రే కాదు, అప్పుడే పుట్టిన అడ్రస్ మాత్రమే. మరి ఫంక్షన్ పారామీటర్‌లో ఖాళీ బ్రాకెట్లు పెట్టి అర్రేలా ఎందుకు రాయనిస్తారు? ఎన్‌బీ రోజుల్లో పాయింటర్‌ని అలా ప్రకటించేవారు. ఆ రాత ఒక్క పారామీటర్లలో మాత్రం మిగిలిపోయింది. కొంత పాత కోడ్ కోసం, కొంత చదివేవాళ్లకి ఇక్కడికి అర్రే వస్తుందని చెప్పడం కోసం ఉంచామని, కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లని అది తికమక పెడుతుందని రిచీ ఒప్పుకున్నారు. పిల్లల తికమకకి కారణం వాళ్ల బుర్ర కాదని భాష తయారుచేసిన మనిషే చెప్పినప్పుడు, ఆ మాట వాళ్లకు అందకుండా ఆపే హక్కు మనకు లేదు.

అదే నిర్ణయానికి మనం కట్టిన ధర గురించీ అదే గంటలో చెప్పాలి. అడ్రస్ వెళ్తుంది గానీ, దాని వెనక ఎన్ని గళ్లున్నాయో ఆ లెక్క వెళ్లదు. అందుకే ఎవరో ఇచ్చిన పొడవైన ఇన్‌పుట్ చిన్న బఫర్ దాటి పక్క మెమరీ మీదికి పారుతుంది. 1988లో ఇంటర్నెట్‌లో వేల కంప్యూటర్లను తాకిన మోరిస్ వర్మ్ అనే చొరబాటు ప్రోగ్రామ్ వాడుకున్న దారుల్లో ఒకటి ఇదే. ఇన్‌పుట్ ఎంత పొడవుందో అడగని గెట్స్ ఫంక్షన్‌ని పట్టుకుని అది లోపలికి దూరింది. ఆ ఫంక్షన్‌ని పూర్తిగా తీసేసింది 2011 చివర్లో వచ్చిన సి11 అనే సి భాష ప్రమాణం. ఇప్పుడు రస్ట్ లాంటి భాషలు మెమరీ భద్రతను ముందు పెట్టుకుని వస్తున్నాయి, అది మంచిదే. రిచీని గౌరవించడమంటే సి లో లోపాల్లేవని వాదించడం అని నేను అనుకోను. ఆయనే ఆ పేపర్ చివర్లో సి ని వింతలున్న, లోపాలున్న, అయినా విపరీతంగా విజయవంతమైన భాషగా వర్ణించారు. 8 కిలోబైట్లలో ప్రోగ్రామ్ ఇరికించాల్సిన రోజున చేసిన ఎంపిక, కోట్లమంది తెలియనివాళ్లు వాడే మెషిన్ల మీద ఎలా మారిపోయిందో చూపించడం కంటే మంచి ఇంజినీరింగ్ పాఠం ఏముంటుంది?

ఇంకో చిన్న సంగతి. ఒకే యాంపర్‌సాండ్ ‘&’, రెండు యాంపర్‌సాండ్‌లు ‘&&’, సమానమా అని అడిగే ‘==’. వీటిలో ఏది ముందు అన్న ప్రిసిడెన్స్ టేబుల్ పిల్లలకు పెద్ద తలనొప్పి. ఒంటరి యాంపర్‌సాండ్ ‘==’ కంటే కింద ఉండటం అసహజంగా ఉంటుంది, బ్రాకెట్ మర్చిపోతే ప్రోగ్రామ్ నోరెత్తకుండా తప్పు జవాబిస్తుంది. దీనికీ కథ ఉంది. బి లో, తొలి సి లో ఒంటరి యాంపర్‌సాండే రెండు పనులూ చేసేది. ఇఫ్ షరతులో ఉంటే తార్కిక ‘మరియు’, వేరే చోట ఉంటే బిట్ల మీద లెక్క. ఈ రెండిటినీ విడగొడితే మేలని అలన్ స్నైడర్ సూచించారు, అలా ‘&&’ పుట్టింది. ఆ పూటే పాత గుర్తుని ‘==’ కంటే పైకి జరిపి ఉంటే సరిపోయేదని రిచీ తర్వాత రాశారు. ఎందుకు జరపలేదంటే, అప్పటికే కొన్ని వందల కిలోబైట్ల కోడ్ ఉందట, అది నడిచే కంప్యూటర్లు బహుశా మూడున్నాయట, వాటిని చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నారట. ఆ మూడు మెషిన్ల కోసం చూపిన జాగ్రత్త అర్ధ శతాబ్దం తర్వాత కూడా మన వేళ్లకి తగులుతోంది. వాడేవాళ్లు కొద్దిమందే ఉన్నప్పుడే సరిదిద్దుకోవాలన్న సంగతి దీనికంటే గట్టిగా ఎవరూ చెప్పలేరు. ఈ కథ విన్న విద్యార్థి ఆ టేబుల్ మర్చిపోవచ్చు, అక్కడ బ్రాకెట్ పెట్టడం మాత్రం మర్చిపోడు.

స్ట్రక్చర్లు లేని సి లో 1972లో థాంప్సన్ యూనిక్స్‌ని తిరగరాయబోయి వదిలేశారు. అవి వచ్చాక, 1973 వేసవిలో, యూనిక్స్ కెర్నల్, అంటే ఆ సిస్టమ్ గుండెకాయ లాంటి భాగం, దాదాపు మొత్తం సి లోకి మారింది. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే మెషిన్‌కి అతి దగ్గరగా ఉండే అసెంబ్లీ భాషలోనే రాయాలన్న నమ్మకం బలంగా ఉన్న రోజులవి. 1974 జులైలో రిచీ, థాంప్సన్ కలిసి యూనిక్స్ గురించి రాసిన పేపర్ కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం అనే పత్రికలో వచ్చింది. 40,000 డాలర్ల మెషిన్ మీద కూడా ఇది నడుస్తుందని, ప్రధాన సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌కి పట్టిన శ్రమ ఇద్దరు మనుషుల ఏడాది పని కంటే తక్కువేనని అందులో ఉంది. 1977–78లో స్టీవ్ జాన్సన్‌తో కలిసి రిచీ ఆ సిస్టమ్‌ని పీడీపీ-11తో పొంతన లేని ఇంటర్‌డేటా 8/32 అనే మెషిన్ మీదికి తీసుకెళ్లారు. ఒక మెషిన్ కోసం పుట్టిన సిస్టమ్ వేరే మెషిన్ మీద నడవగలదని అప్పుడు తేలింది. ఇవాళ లైనక్స్ చేతి గడియారం నుంచి సూపర్ కంప్యూటర్ దాకా ఎక్కడంటే అక్కడ నడవడం వెనక ఉన్న ఆలోచన అదే.

1956 నాటి ఒక కోర్టు ఒప్పందం కారణంగా, బెల్ ల్యాబ్స్ మాతృసంస్థ అయిన టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ కంప్యూటర్ వ్యాపారంలోకి దిగడానికి వీల్లేకపోయింది. అందుకని యూనిక్స్ సోర్స్ కోడ్‌తో సహా యూనివర్సిటీలకి నామమాత్రపు ఖర్చుకి చేరింది. ఇది మీ వృత్తికి నేరుగా సంబంధించిన విషయం కాబట్టి ఇక్కడ ఆగుతాను. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు ఆరో ఎడిషన్ యూనిక్స్ కెర్నల్ కోడ్‌ని ముద్రించి, దానికి వ్యాఖ్యానం రాసి, విద్యార్థులకు పాఠం చెప్పారు. పిల్లలు నిజమైన ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్‌నే చదివారు. ఏడో ఎడిషన్ లైసెన్స్‌లో క్లాసులో సోర్స్ కోడ్ వాడకూడదన్న షరతు వచ్చాక ఆ వ్యాఖ్యానం ఫొటోకాపీల రూపంలో చేతులు మారుతూ దేశదేశాలు తిరిగింది. పాఠం చెప్పడానికి కోడ్ లేకుండా పోయిందనే ఆండ్రూ టానెన్‌బామ్ అనే అధ్యాపకుడు మినిక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాశారు. మినిక్స్ వాడుతూనే లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్స్ మొదలుపెట్టారు. ఒక అధ్యాపకుడు కోడ్ చదివించాలనుకోవడం, ఇంకో అధ్యాపకుడు చదివించడానికి కోడ్ లేక తానే రాయడం, ఈ రెండూ లేకపోతే ఇవాళ్టి కంప్యూటింగ్ ఇలా ఉండేది కాదు.

ఆ ఆరో ఎడిషన్ కోడ్‌లో ఒక కామెంట్ ఉంది. ఒక ప్రాసెస్‌ని (నడుస్తున్న ప్రోగ్రామ్‌ని) ఆపి ఇంకోదాన్ని నడిపించే చోట, ఇది మీకు అర్థం కావాలని ఎవరూ ఆశించడం లేదు అనే అర్థం వచ్చే ఒక్క పంక్తి. చాలామంది దాన్ని పొగరుగా అర్థం చేసుకున్నారు, టీషర్టుల మీద కూడా వేసుకున్నారు. రిచీ తర్వాత వివరణ ఇచ్చారు. ఇది పరీక్షలో రాదులే అని మాస్టారు చెప్పినట్టు ఊరడింపుగా రాసిన మాటే తప్ప సవాలు కాదన్నారు. అసలు సమస్య ఏమిటంటే, అక్కడ ఏం జరుగుతోందో మాకే అర్థం కాలేదని కూడా చెప్పారు. ఆ పద్ధతి నిజంగానే సరిగ్గా లేదు, తర్వాతి ఎడిషన్‌లో మార్చారు. కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు తీసుకున్న మనిషి తన కోడ్ తనకే అర్థం కాలేదని చెప్పగలిగితే, మన క్లాసులో ఒక విద్యార్థి నాకు అర్థం కాలేదని చెప్పడానికి ఎందుకు భయపడాలి? ఆ భయం పోగొట్టగల చోటు మీ క్లాసే.

ఆయన్ని సి పితామహుడు అంటాం. బిరుదు తప్పని నేను అనను. కానీ ఆయన రాసిన చరిత్ర చదివితే పేజీ పేజీకీ ఇంకొకరి పేరు కనిపిస్తుంది. ఇది రిచర్డ్స్ ఆలోచన, ఇది థాంప్సన్‌ది, ఇది స్నైడర్ చెప్పింది, ఇన్‌పుట్ అవుట్‌పుట్ ప్యాకేజీ మైక్ లెస్క్‌ది, ఇలా. 1978లో వచ్చి కె అండ్ ఆర్‌గా పేరుపడ్డ పుస్తకంలో కూడా ఎక్కువ భాగం వివరణ బ్రయన్ కెర్నిగాన్‌దేనని, రెఫరెన్స్ మాన్యువల్ తనదని ఆయనే చెప్పేవారు. హలో వరల్డ్ కూడా కెర్నిగాన్ అంతకుముందు రాసిన పాఠంలోంచి వచ్చిందే. అసైన్‌మెంట్‌లో పక్కవాడి కోడ్ కాపీ కొట్టిన పిల్లల్ని మందలించడం అవసరమే. దాంతోపాటు, ఇంకొకరి ఆలోచన తీసుకున్నప్పుడు పేరు పెట్టి చెప్పే మర్యాద ఎలా ఉంటుందో ఈ పేపర్ చూపిస్తుంది.

మెత్తని మనిషి అని ఆయన తెలిసినవాళ్లంతా అంటారు. యూనిక్స్‌ని తిట్టడానికే కొందరు ఒక పుస్తకం వేస్తే, దానికి వ్యతిరేక ముందుమాట రాసిచ్చిన సహనం ఆయనది. అయితే గట్టిగా నిలబడాల్సిన చోట నిలబడ్డారు. 1988లో సి ప్రమాణం రాస్తున్న, అమెరికా ప్రమాణాల సంస్థ ఆన్సీ కమిటీ, నోఎలియాస్ అనే కొత్త కీవర్డ్ తేబోయింది. కంపైలర్ కోడ్‌ని వేగవంతం చేసుకోవడానికి పనికొస్తుందని వాళ్ల ఉద్దేశం. రిచీ ఒక లేఖ రాశారు. ఇది ప్రోగ్రామర్ల ముఖాల మీద పేలబోయే టైం బాంబ్ అని, నోఎలియాస్ పోవాల్సిందేనని, ఇందులో బేరం లేదని రాశారు. కమిటీ విన్నది. 1989లో వచ్చిన ప్రమాణంలో ఆ మాట లేదు. ఆయన దగ్గర కమిటీని శాసించే అధికారమేమీ లేదు. ఎక్కడ ఎలా తప్పుతుందో విడమరిచి చెప్పిన కారణాలే ఉన్నాయి. టెక్నికల్ విషయం మీద విభేదించడం ఎలాగో నేర్పడానికి ఇంతకంటే మంచి నమూనా నేను చూడలేదు.

థాంప్సన్‌తో కలిసి 1983లో ట్యూరింగ్ అవార్డు, 1999లో అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ, 2011లో జపాన్ ప్రైజ్ ఆయనకు వచ్చాయి. 2007లో రిటైర్ అయ్యారు. 2011 అక్టోబర్ 12న బర్క్‌లీ హైట్స్‌లో ఒంటరిగా ఉంటున్న ఇంట్లో చనిపోయి కనిపించారు. వయసు 70. ఆ కబురు సహోద్యోగి రాబ్ పైక్ ద్వారా బయటికి వచ్చింది. అదే నెల 5న స్టీవ్ జాబ్స్ పోయారు, ప్రపంచమంతా ఆ వార్తే మారుమోగింది. ఇద్దర్నీ పోల్చి బాధపడేవాళ్లు చాలామంది కనిపిస్తారు. నాకు ఆ పోలిక ఇష్టం లేదు. ఐఫోన్ యాప్‌లు రాసిన ఆబ్జెక్టివ్-సి పేరులోనే సి ఉంది, ఆ ఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్ పునాదుల్లో యూనిక్స్ వారసత్వం ఉంది. ఒకరి పనిమీద ఇంకొకరి పని నిలబడింది, అంతవరకు చాలు. వార్తాపత్రికల్లో ఆయనకు ఎంత చోటు దక్కిందన్నది నన్ను అంతగా బాధించదు. ఆయన భాషనే ఏడాది పొడవునా బోధించే క్లాసుల్లో ఆయన ఆలోచనకి చోటు లేకపోవడం బాధిస్తుంది.

సిలబస్ పెద్దలకు నేను అడిగేది కొత్త పేపరో కొత్త యూనిటో కాదు. పిల్లలకు ఇప్పటికే బరువెక్కువైంది. ఉన్న యూనిట్లలోనే, 1993 నాటి ఆ పేపర్‌ని తప్పనిసరిగా చదవాల్సిన వాటి జాబితాలో చేర్చండి. పాయింటర్ల యూనిట్ మొదలయ్యే ముందు డైరెక్టరీ ఎంట్రీ కథ చెప్పడానికి ఒక గంట ఇవ్వండి. ప్రశ్నపత్రంలో సి ని కనిపెట్టింది ఎవరు అని అడగడం మానేయండి, ఎందుకంటే దానికి జవాబు రాసినవాడికి ఏమీ తెలియనక్కర్లేదు. దానికి బదులు, 16 బైట్ల ఎంట్రీలో 14 అక్షరాల పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు బి పద్ధతిలో అర్రే ఎందుకు పనికిరాలేదో వివరించమనండి.

అధ్యాపకులకు ఇంకొక్క మాట. పాత టేపుల నుంచి బయటికి తీసిన 1972–73 నాటి సి కంపైలర్ల సోర్స్‌ని రిచీయే అందరికీ చదువుకోవడానికి పెట్టారు. రెండు ఉన్నాయి. ఒకదానికి స్ట్రక్చర్ అంటే ఏమిటో తెలియదు. రెండోదానికి స్ట్రక్చర్లు తెలుసు, కానీ దాని సొంత కోడ్‌లో వాటిని ఇంకా వాడుకోని రోజులది. రెండూ ఇప్పటికీ దొరుకుతాయి, చిన్నవి కూడా. ఫైనల్ ప్రాజెక్టు కోసం ఏం చేయాలో తోచక తిరిగే ముగ్గురు నలుగురు విద్యార్థులకి వాటిని ఇచ్చి, రెండిటికీ తేడా ఎక్కడుందో కనిపెట్టమనండి. ఎక్కడ ఇరుక్కుంటారో నాకు కొంత తెలుసు, సాయం చేయడానికి సిద్ధంగా ఉన్నాను. పిలిస్తే వస్తాను.

ఇట్లు,
సి తోనే రోజూ పనిచేసే ఒక ప్రోగ్రామర్